ఊయల తాడు మీద నేర్చుకున్న పాట

కాజాలమ్మ అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. దర్జీ తన కొట్లో కత్తిరించి మిషన్ మీద కుట్టిన చొక్కాలన్నీ మూటలుగా ఆమె ఇంటికి వస్తాయి. వాటికి చేత్తో కాజాలు తీసి, గుండీలు కుట్టి, మడతపెట్టి పంపడం ఆమె పని. ఒక్కో చొక్కాకి ఏడు కాజాలు, ఏడు గుండీలు. ఆ పేరు మొదట పెట్టింది దర్జీయే. తర్వాత పాలు పోసేవాడికీ, చర్చి పెద్దలకీ, ఆఖరికి కట్టుకున్న మొగుడికీ అదే అలవాటైంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు పెళ్ళి కాగితం మీద భద్రంగా ఉంది, ఎవరూ దాన్ని కదిలించరు.

అయితే కాజాలమ్మ కాకముందు ఆమెకు చర్చిలో ఇంకో గుర్తింపు ఉండేది. క్రిస్మస్ పొద్దున ఆరాధన మొదలయ్యే ముందు అక్కడ ఒక పాట పాడతారు. మొదటి చరణం ఒక్క గొంతే పాడాలి. ఆ గొంతు ముగించాక హార్మోనియం అందుకుంటుంది, గాయకులందరూ కలుస్తారు. పదహారో ఏట నుంచి ఇరవై నాలుగో ఏటి దాకా ఆ ఒక్క గొంతు ఆమెదే. ఆ చరణం విని కళ్ళు తుడుచుకున్న ముసలివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ తర్వాత పిల్లలు పుట్టారు. అక్కడితో ఆమె పాట వరండాలోకి మారింది.

ఆ చర్చిలో ఏడ్చే పిల్లలకి లోపల చోటు లేదు. ఎవరూ నియమం రాసి గోడకి అంటించలేదు గానీ, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే ఉష్ తాతయ్య ఉన్నాడు కదా, ఆయనే నియమం. ఏ పసివాడు గొంతు సవరించినా చాలు, ముందు "ఉష్!" అంటాడు, తర్వాత వేలు వరండా వైపు చూపిస్తాడు. ఆ వేలికి ఎదురు చెప్పిన తల్లి ఇంతవరకూ లేదు. వరండాలో ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చుంటే లోపలి మాట సగం, వీధిలో హారన్ల మోత సగం వినిపిస్తాయి.

మూడేళ్ళ కిందట పెద్దోడికి రెండు నెలలు, ఆ క్రిస్మస్ వరండాలో గడిచింది. మరుసటి ఏడు వాడికి కొత్తగా కాళ్ళొచ్చాయి, వాడి వెనక పరుగెత్తడంలో గడిచింది. కిందటి ఏడు కడుపులో ఇద్దరు, చెయ్యి పట్టుకుని ఒకడు; ఉష్ తాతయ్య వేలు చూపించే శ్రమ కూడా లేకుండా ఆమే వెళ్ళి బల్ల మీద కూలబడింది. ఈ మూడేళ్ళూ మొదటి చరణం ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ పాడింది. గొంతు మంచిదే, అబద్ధమెందుకు? కాకపోతే సూది వేసినట్టు పాడుతుంది. గబుక్కున, నొప్పి తెలియకుండా అయిపోతుంది.

ఈ ఏడు నవంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, కవల పిల్లల గుడ్డలు పద్దెనిమిది ఉతికి, పంతొమ్మిదోది చేతిలో ఉండగా, కాజాలమ్మ ఉన్నట్టుండి నడుం నిలబెట్టింది.

"అత్తయ్యా, ఈసారి క్రిస్మస్‌కి నేను పాడతాను."

అత్తగారు గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

"ఏం పాడతావు? మమ్మల్ని ఆడిపోసుకుంటూనా?"

"ఆడిపోసుకోవడం కాదండీ. పాట. మొదటి చరణం. చర్చి లోపల నిలబడి."

"పది నెలల పిల్లలు ఇద్దర్ని చంకన వేసుకునా? పాలు మరిచేదాకా పాటలెందుకమ్మాయ్! నేను ఐదుగుర్ని కన్నాను. పన్నెండేళ్ళు అదే వరండాలో, అదే బల్ల మీద కూర్చున్నాను. నాకేమైంది?"

కాజాలమ్మ గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. ఆరు నూరైనా ఈ ఏడు లోపలే ఉంటాను, లోపలే పాడతాను అని ఆ తడి చేతులతోనే నిర్ణయించుకుంది. మూడేళ్ళుగా ఆమె ఒక్క రాత్రి తిన్నగా నిద్రపోలేదు, ఒక్క పూట కూర్చుని తినలేదు. అవన్నీ సర్దుకుపోయింది. ఈ ఒక్కటి మాత్రం వదులుకోవడానికి మనసొప్పలేదు. ఎందుకంటే తను చొక్కాల మూటలకీ, ముగ్గురు పిల్లలకీ మధ్య కనబడకుండా పోతోందని ఆమెకు భయం పట్టుకుంది. ఆ చరణం పాడితే తను ఇంకా ఉన్నట్టు.

మొగుడు బస్సు డ్రైవరు. విషయం విని సంతోషించాడు. "పాడు, పాడు. ఆ పొద్దున మొదటి ట్రిప్పు వేసి ఆరాధన టైముకి వచ్చేస్తాను. కవలలిద్దర్నీ నేను పట్టుకుంటా" అన్నాడు. మంచివాడే. కానీ డ్రైవరు మాటా బస్సు టైమూ ఒక్కలాంటివే, బోర్డు మీద రాసి ఉన్నంతసేపే నిజం.

ఇక మిగిలింది మేష్టారు. గాయకులకి నేర్పేది ఆయనే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బళ్ళో డ్రిల్లు మేష్టారు. రిటైరయ్యాక హార్మోనియం పట్టాడు గానీ లెఫ్ట్, రైట్ మాత్రం మానలేదు. పాట నడుస్తుంటే పెన్సిల్‌తో హార్మోనియం పెట్టె మీద టకటకా కొడతాడు. ఏ పాట అయినా పుస్తకంలో దాని నెత్తిన 'చురుగ్గా' అని రాసి పెట్టుకుంటాడు. ఈ క్రిస్మస్ పాట నెత్తినా అదే ఉంది.

"క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు సాధన ఉంటుంది. వస్తే పాట నీది. రాకపోతే నర్సమ్మది" అన్నాడాయన.

మొదటి ఆదివారం పెద్దోడికి జ్వరం. రెండో ఆదివారం ఆ జ్వరం కవలలకి దిగింది, చంటిదానికి మధ్యాహ్నం, బుజ్జిగాడికి సాయంత్రం. గోరుచుట్టు మీద రోకటిపోటులా పండగ చొక్కాల రద్దీ ఒకటి. కొత్త బట్టల ఆర్డర్లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. దర్జీ మూట దింపుతూ, "ఇవి కాక ఇంకో ముప్ఫై ఉన్నాయి తల్లీ" అని, ఆమె మొహం చూసి, మిగతా మాట మింగేసి వెళ్ళిపోయాడు.

మరి సాధన ఎప్పుడు చేసింది అంటారా? పని చేస్తూనే చేసింది. ఆమె ఇంట్లో ముందుగది ఒక్కటే కాస్త పెద్దది. దూలానికి గుడ్డ ఊయల ఉంది. కవలలు ఇద్దరూ అందులోనే ఎదురుబొదురుగా, ఒకరి పాదాలు ఒకరి చంకలో పెట్టుకుని పడుకుంటారు. ఊయలకి కట్టిన తాడు రెండో కొస కాజాలమ్మ కుడికాలి బొటనవేలికి ఉంటుంది. చేతులు కాజాలు తీస్తుంటాయి, కాలు ఊయల ఊపుతుంటుంది, నోరు పాడుతుంటుంది. కాళ్ళూ చేతులూ నోరూ మూడూ వేర్వేరు పనుల్లో ఉంటే, పెద్దోడు కింద చాప మీద పనికిరాని గుండీలన్నీ దారానికి గుచ్చుతుంటాడు. కిటికీకి కట్టే క్రిస్మస్ నక్షత్రం వాడే చేస్తున్నాడు. అది నక్షత్రంలా లేదు, కాళ్ళు ఎక్కువైన పురుగులా ఉంది. అయినా వాడికి అది నక్షత్రమే.

"గడ్డిపరకల మీద కన్ను తెరిచిన వెలుగా" అని మొదలవుతుంది పాట. ఊయల అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి ఒక పంక్తి. మళ్ళీ అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి రెండో పంక్తి. పదిహేను రోజుల్లో ఆమె గొంతు విప్పారింది. పాత పదును వచ్చింది. కవలలు కూడా అలవాటుపడ్డారు. రెండో పంక్తికి చంటిదానికీ, నాలుగో పంక్తికి బుజ్జిగాడికీ రెప్పలు వాలేవి. పాట పూర్తిగా వచ్చేసిందని కాజాలమ్మ ధీమాగా ఉంది.

మూడో ఆదివారం సాధనకి వెళ్ళింది. మేష్టారు పెన్సిల్ ఎత్తాడు. ఆమె కళ్ళు మూసుకుని అందుకుంది. రెండు పంక్తులైనా కాలేదు, పెన్సిల్ టకటకలాడింది. కళ్ళు తెరిచేసరికి నర్సమ్మ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అమ్మాయ్, ఇది పాటా, జోలా?" అన్నాడు మేష్టారు.

"పాటే కదండీ మేష్టారూ?"

"నీ పంక్తి అయ్యేలోపు నేను ఇంటికెళ్ళి కాఫీ తాగి రావచ్చు. అది సరే, నీ కాలు ఏం చేస్తోంది?"

అందరూ కిందికి చూశారు. ఆమె కూడా చూసుకుంది. కుడికాలి బొటనవేలు పైకి లేచి, లేని తాడును లాగి వదులుతోంది. మళ్ళీ లాగి వదులుతోంది. ఊయల ఎంత నెమ్మదిగా ఊగితే పాట అంత నెమ్మదిగా వస్తోంది. పదిహేను రోజులుగా ఆమెకు తాళం వేసింది మేష్టారి పెన్సిల్ కాదు, కవలల బరువు. ఆ సంగతి అప్పటిదాకా ఆమెకే తెలియదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"వచ్చే ఆదివారం ఆఖరి సాధన" అన్నాడు మేష్టారు, కాస్త మెత్తగానే. "ఆ రోజుకి వేగం అందుకో. లేకపోతే ఏమీ అనుకోకు, నర్సమ్మ పాడుతుంది."

దారంతా ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా ఖాళీ చెయ్యి కావాలి. ఒక చేతిలో చంటిది, ఇంకో చేతిలో సంచి. ఇంటికొచ్చి ఊయలకున్న తాడు విప్పేసింది. ఇకనుంచి ఒక్కో కుట్టుకి ఒక్కో మాట చొప్పున పాడాలని లెక్క వేసుకుంది. సూది ఎంత వేగంగా వెళితే పాట అంత వేగంగా వెళ్ళాలి. ఆలోచన బాగానే ఉంది. కానీ తాడు విప్పిన పావుగంటకే ఊయలలో రాగాలు మొదలయ్యాయి. బుజ్జిగాడు ఒకటి అందుకుంటే చంటిది రెండోది.

"ఏంటమ్మాయ్ ఈ గోల? తాడెందుకు విప్పావు?" అంటూ అత్తగారు వచ్చింది.

కాజాలమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కాలు ఊపితే పాట నెమ్మదిస్తోంది, ఊపకపోతే పిల్లలు ఊరుకోరు అంది. అత్తగారు కాసేపు ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత గోడ పట్టుకుని కూర్చుని, చెయ్యి చాపింది.

"ఇలా తే ఆ తాడు. నీ పాట కోసం నా మోకాళ్ళు బలి."

ఆ వారమంతా అత్తగారు తాడు లాగింది, కోడలు కాజాలు తీస్తూ గబగబా పాడింది. ఊయల ఒక దారి, పాట ఒక దారి. పిల్లలు తికమకపడ్డారు గానీ సర్దుకున్నారు. ఇబ్బంది వచ్చింది కాజాలకే. పాట పరుగెడుతుంటే సూది కూడా పరుగెత్తి, గురువారం తీసిన కాజాలు కొన్ని వెడల్పయ్యాయి. దర్జీ మూడు చొక్కాలు తిప్పి పంపాడు. "ఈ కాజాల్లో గుండీ కాదమ్మా, నా వేలు దూరుతోంది" అని చూపించాడు. ఆమె ఆ మూడూ విప్పి మళ్ళీ తీసింది. నాలుగోది కూడా ఉందని, అది ఎవరి చేతికో వెళ్ళిపోయిందని, ఆమెకు తెలుసు. ఎవరిదో తెలియదు.

శనివారం మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. కాజాలమ్మ పాట ఆపి సూదిలో దారం ఎక్కిస్తుంటే అత్తగారు, "ఆఖరి పంక్తి ఇంకోసారి పాడు. వీడింకా పడుకోలేదు" అంది. కాజాలమ్మ ఊయలలోకి తొంగి చూసింది. ఇద్దరూ ఎప్పుడో నిద్రపోయారు, నోళ్ళు తెరిచి మరీ. ఆఖరి పంక్తి ఇంకోసారి పాడింది.

ఆఖరి సాధనలో ఎడమ పాదంతో కుడి పాదాన్ని తొక్కిపట్టి నిలబడింది. పాట చురుగ్గా వచ్చింది. బొటనవేలు లేవడానికి చూసింది గానీ పైన బరువు ఉంది. "ఇప్పుడు దారికొచ్చావు" అన్నాడు మేష్టారు. నర్సమ్మ కూడా, "బాగుంది అక్కా, ఈసారి నేను హాయిగా వెనక నిలబడతా" అంది. అనడం మంచి మనసుతోనే అంది. అయినా మొదటి చరణం కాగితం మడిచి సంచిలో మాత్రం పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని.

క్రిస్మస్ పొద్దున ఎలా తెల్లారిందో చెప్పక్కర్లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ పండగైనా యుద్ధంలాగే తెల్లారుతుంది. పెద్దోడి కొత్త బూటు ఒకటి నీళ్ళ బకెట్లో తేలింది. అది ఈదగలదో లేదో చూశానన్నాడు వాడు. చంటిది తాగిన పాలన్నీ తల్లి కొత్త బట్టల మీద కక్కింది. మార్చుకోవడానికి వేరే కొత్తవి లేవు. ఉతికినవి పాతవి ఉన్నాయి, అవి కట్టుకుంది. తల దువ్వుకుందో లేదో గుర్తు లేదు. కళ్ళ కింద నల్లటి చారలు ఏ పౌడరుకీ లొంగలేదు. గుండీల నక్షత్రం కిటికీలో తలకిందులుగా వేలాడుతోంది, దాన్ని సరిచేద్దామంటే పెద్దోడు ఒప్పుకోలేదు.

"వాడు రాలేదేంటి?" అంది అత్తగారు వీధి వైపు చూస్తూ.

"వస్తారు లెండి. రాకపోయినా మనం వెళ్తున్నాం."

బుజ్జిగాడిని అత్తగారు, చంటిదాన్ని కాజాలమ్మ ఎత్తుకున్నారు. తడి బూటుతో పెద్దోడు పచక్ పచక్‌మంటూ ముందు నడిచాడు.

చర్చి కిటకిటలాడుతోంది. గాయకుల వరస ఎదురుగా ఎడమ పక్కన ఉంది. మూడో బల్ల మీద అత్తగారికీ పెద్దోడికీ చోటు దొరికింది. పక్కనే దర్జీ కూర్చుని ఉన్నాడు. డ్రైవరు జాడ లేదు. ఇద్దరు పసివాళ్ళని అత్తగారి మోకాళ్ళ మీద పెట్టడం కుదరదు. కాజాలమ్మ మారుమాట లేకుండా చంటిదాన్ని దర్జీ చేతుల్లో పెట్టేసింది. ఆయన బిగుసుకుపోయి, ఇస్త్రీ చెడకుండా చొక్కా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆమె వెళ్ళి గాయకుల ముందు నిలబడింది. ఎదురుగా నిండుగా జనం. ఎన్ని కొత్త చొక్కాలు! వరసగా చూసుకుంటూ పోతే సగానికి సగం తన చేతి కాజాలే. ఇంతమంది పెద్దమనుషులు గుండెలు మూసుకుని మర్యాదగా కూర్చున్నారంటే అది తన పుణ్యమే అనిపించి, ఆమెకు ధైర్యం వచ్చింది. ఎడమ పాదంతో కుడి పాదం తొక్కిపట్టింది. మేష్టారు పెన్సిల్ ఎత్తాడు.

మొదటి పంక్తి చురుగ్గా, తప్పు లేకుండా వచ్చింది. రెండో పంక్తి మొదలుపెట్టగానే చంటిది దర్జీ మొహం తేరిపార చూసి, ఇతను మా అమ్మ కాదని గ్రహించి, గుక్కపట్టింది. అది విని బుజ్జిగాడు అందుకున్నాడు. ఇద్దరూ కలిస్తే హార్మోనియం కూడా చాలదు. తలలన్నీ మూడో బల్ల వైపు తిరిగాయి. తలుపు దగ్గర ఉష్ తాతయ్య లేచాడు. "ఉష్!" అన్నాడు. చెయ్యి బారుగా చాపి వరండా వైపు వేలు చూపించాడు. గాయకుల్లో నర్సమ్మ సంచి తెరిచి కాగితం తీసింది.

కాజాలమ్మ గొంతు ఆగలేదు గానీ సన్నబడింది. కాళ్ళు వరండా వైపు లాగుతున్నాయి. మూడేళ్ళ అలవాటు అది. ఆ తలుపు దాటితే బల్ల, హారన్లు, సగం మాటలు. వచ్చే ఏడు బయట కూర్చోవడానికి ఇంకో కారణం ఉంటుంది, ఆ పై ఏడు ఇంకొకటి. ఇప్పుడు వెళితే ఇక లోపలికి రానని ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది. కదలకుండా నిలబడి మూడో పంక్తి అందుకుంది. ఏడుపులో అది ఎవరికీ వినబడలేదు. అయినా పాడింది.

అప్పుడు అత్తగారు లేచింది. మోకాళ్ళు పటపటమన్నాయి. బుజ్జిగాడిని భుజాన వేసుకుని తలుపు వైపు కాకుండా, గాయకుల వైపు నడిచింది.

"అమ్మా, అటు కాదు, బయటికి" అన్నాడు ఉష్ తాతయ్య.

"వేలు దించండి అన్నయ్యగారూ" అంది అత్తగారు, అందరికీ వినబడేలా. "పసివాడు ఏడుస్తున్నాడు, దొంగతనం చెయ్యలేదు. ఇవాళ ఎవరి పుట్టినరోజు చేస్తున్నామో ఆ బిడ్డని కూడా ఇలాగే బయటికి పొమ్మన్నారు, సత్రంలో చోటు లేదని. అలా అన్నవాడు మంచివాడని ఎక్కడా రాయలేదు."

ఉష్ తాతయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే, చాపిన చెయ్యి బిగువుకి, కొత్త చొక్కా రెండో గుండీ కాజాలోంచి జారింది. దాని వెంటే మూడోది. ఆయన చటుక్కున ఆ చేత్తోనే రొమ్ము కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. నాలుగో చొక్కా ఎవరి దగ్గరికి వెళ్ళిందో కాజాలమ్మకి తెలిసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

అత్తగారు వచ్చి బుజ్జిగాడిని ఆమె చంకలో పెట్టింది. వెనకే దర్జీ చంటిదాన్ని అలాగే బిగదీసి పట్టుకుని తెచ్చి, అత్తగారికి అప్పజెప్పి, బతుకుజీవుడా అని వెనక్కి వెళ్ళాడు. చంకలో పిల్లాడు పడ్డాక ఏ తల్లి ఒళ్ళయినా నిశ్చలంగా ఉంటుందా? ఊగుతుంది. కాజాలమ్మ కూడా అటూ ఇటూ ఊగింది. ఎడమ పాదం కింద నుంచి కుడి పాదం విడిపోయింది. బొటనవేలు లేని తాడును అందుకుంది.

ఆమె చరణం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఊయల అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి ఒక పంక్తి. ఇది చురుగ్గా లేదని ఆమెకు తెలుసు. మేష్టారి పెన్సిల్ గాల్లో ఉందనీ తెలుసు. కొడితే కొట్టనీ అనుకుంది. ఈ పాట తను నేర్చుకున్నది ఇలాగే, ముగ్గురు పిల్లల మధ్య, వందల కాజాల మధ్య. దొరికిన టైములో దొరికిన తాళం ఇది. ఇలాగే పాడుతుంది. పశువుల తొట్టిలో పుట్టిన బిడ్డని నిద్రపుచ్చడానికి వాళ్ళమ్మ మాత్రం చురుగ్గా పాడి ఉంటుందా?

రెండో పంక్తికి చంటిది అత్తగారి భుజం మీద ఏడుపు ఆపింది. బుజ్జిగాడు మాత్రం మొండివాడు. నాలుగో పంక్తి అయినా పడుకోలేదు, వెక్కుతూనే పాటల పుస్తకం అంచు నమలడం మొదలుపెట్టాడు. ఆ వెక్కిళ్ళతో కలిపే ఆమె చరణం పూర్తి చేసింది. మేష్టారు పెన్సిల్ వైపు ఒకసారి, ఆమె పాదం వైపు ఒకసారి చూశాడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. హార్మోనియం మీద చేతులు వేసి, ఆ పాదం ఎంత నెమ్మదిగా ఊగుతోందో అంత నెమ్మదిగా అందుకున్నాడు. గాయకులు కలిశారు. నర్సమ్మ కూడా కలిసింది, తొందర లేకుండా. వరండాలోంచి మరో ఇద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఉష్ తాతయ్య వాళ్ళని చూశాడు, ఆయన చెయ్యి ఖాళీగా లేదు.

పెద్దోడు బల్ల ఎక్కి, "నాన్నమ్మా, ఇప్పుడు అందరం పడుకోవాలా?" అని గట్టిగా అడిగాడు. చర్చి అంతా నవ్వింది. పాట ఆగలేదు.

ఆఖరి చరణంలో డ్రైవరు వచ్చాడు, యూనిఫాం మీదే, ఆయాసపడుతూ. తలుపు దగ్గరే ఆగి పెళ్ళాం వైపు చూస్తూ నిలబడిపోయాడు. పాట అయ్యాక వచ్చి ఇద్దరు పిల్లల్నీ రెండు భుజాల మీద వేసుకున్నాడు. కాజాలమ్మ వెళ్ళి మూడో బల్ల మీద, అత్తగారి పక్కన కూర్చుంది. లోపల. నాలుగో ఏట మొదటిసారి. చేతులు ఖాళీగా ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టారు. మంచి ప్రసంగమే అయ్యుంటుంది. కాజాలమ్మ మొదటి రెండు మాటలే విన్నది. మూడో మాటకి తల వాలింది, నాలుగో మాటకి అత్తగారి భుజం దొరికింది. మూడేళ్ళ నిద్ర ఒక్కసారే వచ్చి మీద పడింది. సన్నగా గుర్రు కూడా వచ్చింది. ఉష్ తాతయ్య మెడ సాచి చూశాడు. అత్తగారు ఆయన వైపు తిరిగి, వేలు పెదవుల మీద పెట్టుకుని, "ఉష్!" అంది.

అందరూ దీవెన కోసం లేచి నిలబడిన చప్పుడుకి కాజాలమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎక్కడుందో తెలియలేదు. చేతుల్లో పిల్లలు లేరు. చుట్టూ జనం లేచి ఉన్నారు, అంతా అయిపోయినట్టుంది.

"అత్తయ్యా, నా పాట! నా పాట అయిపోయిందా?"

"అయిపోయింది" అంది అత్తగారు, ఆమె చెదిరిన జుట్టు వెనక్కి తోస్తూ. "నువ్వే పాడావు. పన్నెండేళ్ళు వరండాలో కూర్చున్నదాన్ని, ఇవాళ ఆఖరి చరణం దాకా విన్నాను."